చేదు దినములలోను ఆయన మంచివాడే

పాఠ్యభాగము: రూతు గ్రంథము 1 – 4 అధ్యాయములు
కంఠస్థ వాక్యము: నహూము 1:7

ఇండ్లలో చదువుకొనుటకు
సోమవారము – రూతు 1
మంగళవారము – రూతు 2
బుధవారము – రూతు 3, 4
గురువారము – యోబు 2:11–13, 42:7–9
శుక్రవారము – కీర్తనలు 13, 88
శనివారము – హబక్కూకు 3
ఆదివారము – రోమా 8:18–39

ఉపోద్ఘాతము



దేవుడు మంచివాడు అను మాట మన సంఘములలో చిన్నపిల్లలకు కూడ తెలిసినదే. సాక్ష్యపు కూటములో ఒకరు లేచి, అబ్బాయికి ఉద్యోగము దొరికినదని చెప్పి దేవుడు మంచివాడంటారు. ఇంకొకరు లేచి, అమ్మాయికి మంచి సంబంధము కుదిరినదని చెప్పి అదే మాట అంటారు. ఆపరేషను బాగుగా జరిగి ఇంటికి వచ్చినవారు కన్నీటితో అదే మాట చెప్తారు. ఆ సాక్ష్యములన్నియు నిజమే. వాటికొరకు స్తోత్రము చెల్లించుట మన ధర్మము.

అయితే అదే కూటములో వెనుక వరుసలో ఒక సహోదరి కూర్చుని ఉంటుంది. ఆమె కూడ ఆపరేషను కొరకు ఉపవాసముండి ప్రార్థించినది. ఆమె భర్త మాత్రము ఇంటికి రాలేదు. ముందు వరుసలోని సాక్ష్యము విన్నప్పుడు ఆమె తలవంచుకొంటుంది. "వారి యెడల మంచివాడైన దేవుడు నా యెడల ఏమైనాడు?" అని ఆమె పైకి అడగదు. అడిగితే అవిశ్వాసమంటారేమోనని భయము. కొంతకాలమునకు ఆమె కూటమునకు రావడమే మానివేయవచ్చును.

ఈ పాఠము ముఖ్యముగా ఆ వెనుక వరుసవారి కొరకు, వారి ప్రక్కన కూర్చుండు మనకొరకు. దీనికి మేము రూతు గ్రంథమును తీసుకొన్నాము. కారణము స్పష్టమే. అది కరవు మూలముగా ఊరు విడిచి పరాయి దేశములో కాపురముండిన ఒక కుటుంబము చరిత్ర. గనుల కొరకు, మిల్లుల కొరకు, రైల్వే పనుల కొరకు, రేవు పనుల కొరకు, పారిశుధ్యపు పనుల కొరకు మన తాతముత్తాతలు ఊళ్ళు విడిచినారు. కర్ణాటకలోను, తమిళనాడులోను, ఒడిశాలోను, మహారాష్ట్రలోను, యానాములోను ఇల్లు కట్టుకొని తెలుగులో ఆరాధించుకొనుచున్న మనకు ఆ కుటుంబము పరాయిది కాదు.

1. కరవు వచ్చినది, కుటుంబము కదిలినది (రూతు 1:1–5)

న్యాయాధిపతుల కాలములో దేశమునకు కరవు వచ్చినది. బేత్లెహేము అనగా రొట్టెల ఇల్లు అని అర్థము. రొట్టెల ఇంటిలోనే రొట్టె లేకపోయినది. ఎలీమెలెకు తన భార్యయైన నయోమిని, ఇద్దరు కుమారులైన మహ్లోను కిల్యోనులను వెంటబెట్టుకొని మోయాబు దేశమునకు వెళ్ళినాడు. అక్కడ అతడు చనిపోయినాడు. కుమారులు మోయాబు స్త్రీలను పెండ్లిచేసుకొన్నారు. సుమారు పది సంవత్సరములైన తరువాత ఆ ఇద్దరు కుమారులును చనిపోయినారు. గోరుచుట్టుపై రోకటిపోటు అంటామే, అట్లే ఆయెను. ముగ్గురు విధవరాండ్రు మిగిలినారు. వారిలో పెద్దామెకు వయసు మళ్ళినది, చేతిలో ఆస్తి లేదు, ప్రక్కన స్వజనులు లేరు.

ఇక్కడ మనము ఒక సంగతి జాగ్రత్తగా గమనించవలెను. కొందరు ప్రసంగీకులు ఈ భాగమును చదివి, "ఎలీమెలెకు దేవుని దేశమును విడిచినాడు గనుక దేవుడు అతనిని శిక్షించినాడు" అని చెప్తారు. వాక్యము ఆ మాట చెప్పుటలేదు. ఈ అయిదు వచనములను ఎన్నిసార్లు చదివినను అందులో నింద లేదు, తీర్పు లేదు. కరవు వచ్చినప్పుడు అబ్రాహాము ఐగుప్తునకు వెళ్ళినాడు (ఆదికాండము 12:10). ఇస్సాకు గెరారునకు వెళ్ళినాడు (26:1–6). యాకోబు ఐగుప్తునకు బయలుదేరుటకు జంకినప్పుడు, భయపడవద్దని, తాను కూడ వచ్చెదనని దేవుడే అతనికి ధైర్యము చెప్పినాడు (46:3–4). పిల్లల కడుపు నింపుటకు ఊరు విడుచుట పాపమని లేఖనము ఎక్కడను అనలేదు.

ఇది మనకు చిన్న విషయము కాదు. మన సంఘములలోని పెద్ద వయసువారు కొందరు లోలోపల ఒక బరువు మోయుచుంటారు. "ఆ ఊరు విడవకుండా ఉంటే మా ఆయన ఆ గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకొని ఉండడేమో. అక్కడే కలో గంజో త్రాగి ఉంటే మా పెద్దవాడు త్రాగుడు పాలయ్యేవాడు కాదేమో." ఇట్టి తలంపులు రాత్రులలో వస్తుంటవి. వాక్యము మోపని నేరమును మనము మనమీద మోపుకొనరాదు, ఇతరులమీద మోపరాదు. కష్టము వచ్చిన ప్రతిచోట దాని వెనుక ఒక పాపమును వెదకు అలవాటును ప్రభువు తానే సరిదిద్దినాడు. పుట్టు గ్రుడ్డివానిగూర్చి శిష్యులు ఎవరి పాపమని అడిగినప్పుడు ఆయన ఆ ప్రశ్ననే త్రోసివేసినాడు (యోహాను 9:1–3). సిలోయములోని గోపురము పడి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు వారు ఇతరులకంటె పాపులు కారని చెప్పినాడు (లూకా 13:4–5).

2. "నన్ను మారా అనండి" (రూతు 1:19–21)

నయోమి తిరిగి వచ్చినప్పుడు బేత్లెహేము అంతయు గలిబిలి అయినది. స్త్రీలు ఆమెను చూచి ఈమె నయోమియేనా అని ఒకరినొకరు అడుగుకొన్నారు. అంతగా మారిపోయినది. నయోమి అను పేరునకు మధురమని అర్థము. ఆ పేరు తనకిక తగదని, చేదు అను అర్థము గల మారా అను పేరుతో తనను పిలువుమని ఆమె చెప్పినది. సర్వశక్తుడు తనకు చేదు కలుగజేసినాడనియు, నిండుగా వెళ్ళిన తనను వట్టిచేతులతో తెచ్చినాడనియు నడివీధిలో నిలబడి చెప్పినది.

మన కూటములలో ఎవరైనా ఇట్లు మాట్లాడితే ఏమగును? వెంటనే ఎవరో ఒకరు లేచి, "అక్కా, అట్లు అనకూడదు, అది సణుగుడు" అంటారు. అయితే రూతు గ్రంథము ఆమెను గద్దించలేదు. ఊరి స్త్రీలు గద్దించలేదు. దేవుడును గద్దించలేదు. ఆమె మాటలను పరిశుద్ధ గ్రంథములో ఉన్నవి ఉన్నట్లు వ్రాయించి ఉంచినాడు.

ఆమె ఫిర్యాదులో రెండు సంగతులున్నవి.

మొదటిది, ఆమె దేవుని విడిచి మాట్లాడుటలేదు. మోయాబు దేవతల పేరు ఎత్తలేదు. తలరాత అనలేదు, గ్రహములు అనలేదు. నా దుఃఖములో నేను లెక్క అడుగవలసినది దేవునినే అని ఆమెకు తెలుసు. దేవుడు లేడనుకొనువాడు ఆయనతో వాదింపడు. దావీదు ఎంతకాలము అని అడిగిన 13వ కీర్తన అట్టిదే. 88వ కీర్తనయైతే చివరి మాటవరకు చీకటిలోనే ముగిసిపోవును, వెలుగు కనబడదు. అయినను దానిని కూడ దేవుడు తన ప్రజలు ఆరాధనలో చదువుటకు ఉంచినాడు. కన్నీటితో చేయు ఫిర్యాదు కూడ ప్రార్థనయే.

రెండవది, ఆమె లెక్క పూర్తి కాలేదు. వట్టిచేతులతో వచ్చితినని ఆమె చెప్పుచున్న ఆ క్షణమున ఆమె ప్రక్కన ఒక యౌవన స్త్రీ నిలబడి ఉన్నది. ఆమె పేరు రూతు. నయోమి ఎక్కడ చనిపోతే తానును అక్కడనే చనిపోతానని దారిలో ఒట్టు పెట్టుకొన్న కోడలు. దుఃఖములో నున్న అత్తకు ఆ కోడలు కనబడలేదు. దీనిని బట్టి నయోమిని మనము తప్పుపట్టుటలేదు. కన్నీళ్ళు నిండిన కన్నులకు దగ్గరి వస్తువులు కనబడవు. అయితే మనకు కనబడకపోయినంత మాత్రమున అవి లేవని కాదు. దేవుని మంచితనము అప్పటికే ఆమె ప్రక్కన నడచుచు వచ్చినది, ఆమె దానిని గుర్తుపట్టుటకు ఇంకను కొన్ని దినములు పట్టినది.

3. మంచితనము తూమెడు యవలుగా వచ్చినది (రూతు 2)

రూతు గ్రంథములో దేవుడు స్వయముగా ఒక పని చేసినాడని గ్రంథకర్త సూటిగా చెప్పినది రెండుచోట్ల మాత్రమే. దేశములో కరవు తీర్చి తన ప్రజలకు ఆహారమిచ్చినాడని 1:6లో ఉన్నది. రూతునకు గర్భము దయచేసినాడని 4:13లో ఉన్నది. ఈ రెంటి మధ్య ఆకాశమునుండి శబ్దము రాలేదు, దూత దిగలేదు, అద్భుతము జరుగలేదు. మరి ఆ మధ్య భాగములో దేవుని మంచితనము ఎక్కడ ఉన్నది?

అది ఒక చట్టములో ఉన్నది. పొలము కోయునప్పుడు ఓరలను పూర్తిగా కోయవద్దనియు, రాలిన పరిగెను ఏరుకొనవద్దనియు, వాటిని బీదలకును పరదేశులకును విడువవలెననియు దేవుడు ముందే ఆజ్ఞాపించి ఉన్నాడు (లేవీయకాండము 19:9–10, 23:22, ద్వితీయోపదేశకాండము 24:19). రూతు పుట్టకముందే రూతు కొరకు చేసిన ఏర్పాటు అది.

అది ఒక మనిషిలో ఉన్నది. బోయజు చట్టము చెప్పినంతవరకే చేసి ఊరుకొనలేదు. పరదేశియైన ఆ స్త్రీని ఎవరును ముట్టవద్దని పనివారికి చెప్పినాడు. పనివారి కుండలలోని నీళ్ళు త్రాగుమన్నాడు. భోజనవేళ దగ్గరకు పిలిచి పేలాలు అందించినాడు. ఆమెకు తెలియకుండ పిడికెళ్ళు పిడికెళ్ళుగా పడవేయుడని పనివారికి చెప్పినాడు. ఇచ్చినట్లు తెలియకుండ ఇచ్చుట, తీసికొనువారి తల దించకుండ ఇచ్చుట ఇదియే.

అది రూతు రెక్కల కష్టములో ఉన్నది. ఉదయమునుండి సాయంకాలమువరకు ఏరి, దుళ్ళగొట్టి, తూమెడు యవలు తెచ్చినది. మన లెక్కలో సుమారు 22 లీటర్ల గింజలు. అంతేకాదు, మధ్యాహ్నము తాను తిని మిగిల్చిన పేలాలను కూడ దాచి తెచ్చి అత్త చేతిలో పెట్టినది.

అప్పుడు ఏమి జరిగినదో చూడండి. సర్వశక్తుడు తనకు చేదు కలుగజేసినాడని చెప్పిన నోటనే స్తుతి బయలుదేరినది. బ్రదికియున్నవారికిని చచ్చినవారికిని దేవుడు కృప చూపుట మానలేదని ఆమె ఒప్పుకొన్నది (2:20). ఆమెకు ఎవరును ప్రసంగము చేయలేదు. విశ్వాసముంచమని ఎవరును గద్దించలేదు. ముందు గిన్నెలోనికి గింజలు వచ్చినవి, తరువాత నోటిలోనికి సాక్ష్యము వచ్చినది. మనము చాలసార్లు ఈ వరుసను తలక్రిందులు చేస్తాము. దుఃఖములో ఉన్నవారినుండి ముందు సాక్ష్యము కోరుతాము, గింజల సంగతి తరువాత చూతమనుకొంటాము.

4. మన పితరుల కరవు

ఈ సంగతి మన సంఘముల చరిత్రలోను జరిగినది. మన యౌవనస్థులు దీనిని తెలిసికొనవలెను.

1836లో అమెరికా బాప్తిస్టు మిషనరీ సామ్యూల్ డే తెలుగువారి మధ్య పని ప్రారంభించినాడు. 1840లో నెల్లూరు కేంద్రమైనది. ఎన్నో సంవత్సరములు ఫలము అతి స్వల్పము. 1853లో ఈ మిషనును మూసివేయుదుమా అని అమెరికాలో చర్చ జరిగినది. 1854 జనవరి 1వ తేదీన తెల్లవారుజామున జూవెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండపైన ప్రార్థించినారు. ఆ ప్రాంతమునకు జాన్ క్లౌ దొరగారు వచ్చినది మరి పన్నెండు సంవత్సరముల తరువాత. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడినది.

ఆ సంఘము ఎదుగుచుండగా 1876లో వానలు తప్పినవి. 1876 – 78 మధ్య వచ్చిన ఆ మహా కరవులో దక్షిణ దేశమున అర కోటికి మించి జనులు చనిపోయినట్లు అంచనాలున్నవి. కరవుతోపాటు కలరా వచ్చినది. కరవు విశ్వాసులను, అవిశ్వాసులను ఏరి చూడలేదు. ప్రార్థించిన ఇంటిలోను పొయ్యి ఆరినది.

అప్పుడు ప్రభుత్వము కరవు పనిగా బకింగ్‌హామ్ కాలువ త్రవ్వించుచుండెను. క్లౌ దొరగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టు తీసికొన్నారు. తన బోధకులను మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చినవారికి పని చూపి కూలి ఇచ్చినారు. మట్టి త్రవ్వి, తట్టలు మోసి, కూలి తీసికొని గంజి కాచుకొన్న ఆ బీద ప్రజలలో మన పితరులు ఎందరో ఉన్నారు. పని నిలిచినప్పుడు నీడన కూర్చుండి వాక్యము విన్నారు. బోయజు పొలము ఒకనాడు బేత్లెహేములో ఉండెను, ఆ సంవత్సరములలో ఒంగోలు ప్రక్కన కాలువ గట్టున ఉండెను. ఆ కాలువయే దక్షిణముగా చెన్నై మీదుగా సాగిపోవును. చెన్నైలోని మన సహోదరులు ఈనాడు పూడిక పట్టిన ఆ కాలువను దాటునప్పుడు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనవచ్చును.

మరియొకటి గమనించండి. కాలువ పనిలో వాక్యము విన్న వేలమంది బాప్తిస్మము అడిగినారు. కరవు సహాయము జరుగుచున్నంతకాలము క్లౌ దొరగారు ఇవ్వలేదు. కూటి కొరకు మతములో చేరినారను మాటకు తావు ఉండరాదని ఏడాదికి పైగా ఆపినారు. కరవు సడలి, సహాయపు పని ముగిసి, ఇచ్చుటకు తన యొద్ద కూలి లేదు, డబ్బు లేదు అని తెలియజేసిన తరువాత కూడ జనులు వచ్చినారు. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు.

ఆ నదిలో దిగినవారు కష్టము తెలియనివారు కారు. రెండేండ్లు కరవు చూచినవారు, కలరా చూచినవారు, ఇండ్లలో పీనుగులను మోసినవారు. దేవుడు మంచివాడు గనుక మాకు కరవు రాలేదు అని వారు చెప్పుటకు వీలులేదు. కరవులో ఆయన మమ్మును విడువలేదు అని మాత్రమే చెప్పగలిగినారు. మనకు స్వాస్థ్యముగా వచ్చిన విశ్వాసము అది. తరువాత తెలుగు కూలీలు సముద్రము దాటి దక్షిణాఫ్రికాలోని నేటాలు తోటలకు వెళ్ళినప్పుడు, 1903లో జాన్ రంగయ్యగారిని తెలుగు బాప్తిస్టులే తమ మిషనరీగా అక్కడికి పంపినారు. కరవులో ఆదరణ పొందినవారి పిల్లలు వలస పోయినవారిని ఆదరించుటకు వెళ్ళినారు.

5. దుఃఖపు ఇంట మనము చెప్పకూడని మాటలు

మన కాలములోను కష్టములు తక్కువ కాలేదు. 1982 జనవరిలో ప్రారంభమైన సమ్మె తరువాత ముంబయి బట్టల మిల్లులలో వేలాది కుటుంబములు అన్నము పోగొట్టుకొన్నవి. 1996 నవంబరు 6న తుపాను గోదావరి తీరమును, యానామును కొట్టినది. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును మహా తుపాను ముంచినది. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతబడినవి. 2004 డిసెంబరు 26న సునామి తమిళనాడు తీరముపైకి వచ్చినది. 2020, 2021 సంవత్సరములలో కరోనా మూలముగా ఎందరినో కడసారి చూపు కూడ లేకుండ సాగనంపినాము. ఇవి గాక పత్రికలకు ఎక్కని కష్టములు ఇంటింట ఉన్నవి.

ఇట్టి ఇండ్లకు మనము వెళ్ళవలెను. వెళ్ళి ఏమి చెప్పవలెనో తెలియక, తోచినది చెప్పి గాయమును రేపరాదు. యోబు స్నేహితులు వచ్చి ఏడు దినములు నేలమీద అతనితో కూర్చుండి మౌనముగా ఉన్నారు. అంతవరకు వారు మంచి ఆదరణకర్తలే. నోరు తెరచిన తరువాతనే చెడినారు. తననుగూర్చి వారు యుక్తముగా పలుకలేదని దేవుడే చివరకు వారితో చెప్పినాడు (యోబు 42:7). దేవుని పక్షమున వాదించుచున్నామని వారనుకొన్నారు, దేవుడు వారి వాదమును ఒప్పుకొనలేదు.

కొన్ని మాటలను మనము విడిచిపెట్టవలెను.

"నీకు విశ్వాసము చాలలేదు, ఉంటే బ్రదికేవాడు." హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయము చివర చదవండి. విశ్వాసముచేత కొందరు కత్తి వాత తప్పించుకొన్నారు, అదే విశ్వాసముగల మరికొందరు కత్తితో చంపబడినారు. ఇద్దరి విశ్వాసమును దేవుడు మెచ్చుకొన్నాడు.

"దేవుడు అంతయు మేలుకే చేసినాడు, ఏడువవద్దు." రోమా 8:28 సత్యము. దేవుడు సమస్తమును మేలుకొరకు నడిపించును. అయితే మరణము మేలని ఆ వాక్యము చెప్పుటలేదు. మరణము కడపటి శత్రువు అని అదే అపొస్తలుడు వ్రాసినాడు (1 కొరింథీయులకు 15:26). లాజరును కొన్ని నిమిషములలో లేపబోవుచున్నానని ఎరిగియు ప్రభువు సమాధి యొద్ద కన్నీళ్ళు విడిచినాడు. ప్రభువు ఏడ్చినచోట ఏడువవద్దని చెప్పుటకు మనమెవరము?

"ఈ కానుక ఇవ్వు, ఈ నూనె రాసుకో, నలువది దినములలో కష్టము తీరును." కష్టములో నున్నవారికి ఇట్టి మాటలు తియ్యగా ఉండును. నలువది దినములు గడచి కష్టము తీరకపోతే ఆ ఇల్లు డబ్బుతోపాటు విశ్వాసమును కూడ పోగొట్టుకొనును. దేవుని మంచితనము కొనునది కాదు.

6. ఆయన మంచివాడనుటకు మన ఆధారమేమి?

నయోమి కథ సంతోషముగా ముగిసినది. బోయజు రూతును పెండ్లిచేసికొన్నాడు. ఓబేదు పుట్టినాడు. పొరుగు స్త్రీలు ఆ బిడ్డకు పేరు పెట్టి, ఏడుగురు కుమారులకంటె మేలైన కోడలు నీకున్నదని నయోమితో చెప్పినారు. ఆమె బిడ్డను కౌగిట పెట్టుకొన్నది. అయినను, ప్రియులారా, ఎలీమెలెకు తిరిగి రాలేదు. మహ్లోను కిల్యోనులు మోయాబు మట్టిలోనే ఉన్నారు. ఒడిలోని మనుమడు వారికి బదులు కాడు. పోయినవారి స్థానము ఖాళీగానే ఉండగా దేవుడు ఆమె ఒడిని మరల నింపినాడు. ఈ రెండును ఒక్క హృదయములో ఇముడునని దుఃఖము తెలిసినవారు ఎరుగుదురు.

ఒకవేళ ఓబేదు పుట్టకపోతే? మనలో కొందరి కథ అట్లే ఉన్నది. పోయినది పోయినదే, బదులుగా ఏమియు రాలేదు. వారు ఏ ఆధారముమీద దేవుడు మంచివాడని చెప్పవలెను? హబక్కూకు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాడు. అంజూరపు చెట్టు పూయకపోయినను, పొలము పండకపోయినను, దొడ్డిలో గొఱ్ఱెలు లేకపోయినను ఆనందించెదనని తీర్మానించుకొన్నాడు (3:17–18). పండిన పంట అతనికి ఆధారము కాలేదు. షద్రకు మేషాకు అబేద్నెగోలు తమ దేవుడు రక్షించుటకు సమర్థుడనియు, రక్షింపకపోయినను విగ్రహమునకు మ్రొక్కమనియు రాజునకు జవాబిచ్చినారు (దానియేలు 3:17–18).

మనకు వారికంటె గట్టి ఆధారము ఉన్నది. ఓబేదు యెష్షయికి తండ్రి, యెష్షయి దావీదునకు తండ్రి. మత్తయి 1:5లో ప్రభువైన యేసు వంశావళిలో మోయాబీయురాలైన రూతు పేరు చదువుతాము. తన ఒడిలోని పసివాని వంశమున లోకరక్షకుడు పుట్టునని నయోమికి తెలియదు. ఆమె చనిపోవునప్పటికి కూడ తెలియదు. ఆ రక్షకుడు సిలువమీద, తన తండ్రి తన్ను ఎందుకు విడిచెనని బిగ్గరగా అడిగినాడు. నయోమి ప్రశ్నను, వెనుక వరుసలోని మన సహోదరి ప్రశ్నను దేవుని కుమారుడు తన నోట పలికినాడు. ఆ శుక్రవారమున సిలువ క్రింద నిలబడినవారిలో ఒక్కరికిని దేవుని మంచితనము కనబడలేదు. మూడవ దినమున కనబడినది.

గనుక దేవుడు మంచివాడనుటకు మన జీతపు చీటీ ఆధారము కాదు, డాక్టరు రిపోర్టు ఆధారము కాదు. తన స్వకుమారుని మనకొరకు ఇచ్చినవాడు మన యెడల చెడ్డవాడు కాజాలడు అనునదే ఆధారము (రోమా 8:32). జీతము ఆగిపోయినను ఆ ఆధారము కదలదు.

7. సంఘముగా మనము చేయవలసినవి

ఒకటి, సాక్ష్యపు కూటములో ఇంకను జవాబు రాని ప్రార్థనలు చెప్పుకొనుటకు కూడ సమయమివ్వవలెను. "నాకు అర్థము కావడములేదు, నాకొరకు ప్రార్థించండి" అనునదియు సాక్ష్యమే.

రెండు, మరణము జరిగిన ఇంటికి మొదటి వారము అందరము వెళ్తాము, మూడవ నెలలో ఎవరమును వెళ్ళము. స్త్రీల సమాజమువారు ఆరు నెలలైనను వంతులు వేసికొని ఆ ఇంటికి వెళ్ళి రావలెను. ఒంటరిగా ఉన్న పెద్దవారికి ఆదివారపు భోజనము ఒక ఇంటినుండి వెళ్ళవలెను.

మూడు, పొలము ఓరలు విడుచు ఆజ్ఞను మన జీతములలోను వ్యాపారములలోను పాటింపవలెను. మొదటి ఆదివారపు పిడికెడు బియ్యము మన పెద్దల అలవాటు. అది ఆగిన సంఘములలో మరల ప్రారంభింపవచ్చును. ఇచ్చునది పేరు చదివి ఇవ్వకుండ, బోయజు వలె తెలియకుండ ఇవ్వవలెను.

నాలుగు, మన ప్రాంతమునకు క్రొత్తగా పనికి వచ్చినవారు ఉన్నారు. ఇటుక బట్టీలలో, కట్టడపు పనులలో, చేపల రేవులలో ఏ భాషవారైనను కనబడుదురు. మన తాతలు వచ్చిననాడు ఉన్నట్లే వారు ఈనాడు ఉన్నారు. పరదేశియైన రూతునకు పొలములో చోటు దొరికినట్లు వారికి మన మధ్య చోటు దొరకవలెను.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. నయోమి తన పేరు మారా అని చెప్పుకొనుట సణుగుడా, ప్రార్థనా? మీ జవాబునకు వాక్యము చూపండి.
2. నయోమికి ప్రక్కనున్న రూతు కనబడలేదు. మన కష్టకాలములో మన ప్రక్కన నడచినవారెవరు? వారికి ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పినామా?
3. దుఃఖపు ఇంట మనము విన్న మాటలలో ఆదరణ ఇచ్చినది ఏది? బాధపెట్టినది ఏది?
4. కరవు పని జరుగుచున్నంతకాలము బాప్తిస్మములు ఆపుటనుబట్టి మనము నేర్చుకొనునదేమి?
5. మన సంఘములో ఈ నెల ఎవరి ఇంటికి గింజలు చేరవలసి ఉన్నవి?

ప్రార్థన

కరుణగల తండ్రీ, నీవు మంచివాడవని మా పితరులు కరవులో ఒప్పుకొన్నారు. మాలో కొందరము ఈ దినమున ఆ మాట పలుకలేక ఉన్నాము. పలుకలేనివారి పక్షమున పలుకగలిగినవారము నీ సన్నిధిలో నిలిచియున్నాము. మా చేదును నీ యెదుట దాచము. మా ప్రక్కన నీవు నిలిపిన రూతులను చూచు కన్నులనిమ్ము. పరులకొరకు ఓరలు విడుచు మనసునిమ్ము. సిలువమీద మమ్మును విడువని నీ కుమారుని నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.